దూలగొండి గింజ, బాక్టీరియా తొట్టి: ఒక మాత్ర చరిత్ర

పదవీ విరమణకు కొన్నేళ్ళ ముందు కళ్యాణదుర్గం వైపు నుండి ఒక పెద్దాయన నా వద్దకు వైద్యానికి వచ్చేవారు. డెబ్బయి దాటిన మెట్టరైతు. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ బీడీ చుడుతున్నట్టు ఎడతెగక కదులుతూ ఉండేవి. అడుగు చిన్నదైంది, మాట లోగొంతుకు దిగింది, ముఖంలో కదలిక సన్నగిల్లింది. ఇంటివారు అదంతా వయసు ప్రభావమనుకున్నారు. పార్కిన్సన్ వ్యాధి అని నిర్ధారించి, లీవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్ర వ్రాశాను. కొన్ని వారాలలో చొక్కా గుండీలు తామే పెట్టుకోగలిగారు. ఏడాది గడిచాక రావడం మానేశారు. మళ్ళీ తీసుకొచ్చినప్పుడు ఇద్దరు పట్టుకుంటే తప్ప లేవలేని స్థితి. "ఇంగ్లీషు మాత్రలు వేడి చేస్తాయంటే నిలిపేసినా సార్. చెట్టు మందు తింటా ఉండా" అని నెమ్మదిగా చెప్పారు. కుమారుడు సంచిలోంచి ఒక సీసా తీసి బల్లమీద పెట్టాడు. అందులో ఉన్నది దూలగొండి గింజల పొడి.

నాకు కోపం వచ్చిన మాట నిజమే. అంతకంటే ఎక్కువగా ఆశ్చర్యం కలిగింది. ఆయన మానుకున్న మాత్రలోనూ, నమ్ముకున్న పొడిలోనూ ప్రధానంగా పనిచేసే పదార్థం ఒక్కటే. ఒకటి అడవి తీగ గింజలో పుట్టింది. రెండవది నేడు పెద్దయెత్తున ఒక బాక్టీరియా ఎంజైము చేత తయారవుతున్నది. ఈ రెంటి నడుమ ఉన్న దూరం ఎంతో, అది ఎట్లా నడిచివచ్చినదో ఆ రోజు ఆయనకు వివరించే తీరిక లేకపోయింది. ఇప్పుడు తీరిక ఉన్నది కనుక ఆ చరిత్ర ఇక్కడ వ్రాస్తున్నాను.

దూలగొండిని మన ప్రాంతపు పాఠకులకు పరిచయం చేయనక్కరలేదు. వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉండే ఈ పీఠభూమిలో సైతం వానలు పడ్డాక వంకల అంచున, కొండవాలు పొదలమీద అల్లుకునే తీగ అది. చిక్కుడు కుటుంబానికి చెందినది. కాయమీది బంగారు రంగు నూగు చర్మానికి తగిలితే దురద ఎట్లుంటుందో మేకలు కాసిన ప్రతి పిల్లవానికీ తెలుసు. ఆ నూగులో మ్యుకునైన్ అనే మాంసకృత్తులను తెంచే ఎంజైము ఉంటుంది. దురదకు ముఖ్యకారణం అదే. యూరప్ వైద్యులు ఒకప్పుడు ఆ నూగునే పాకంలో కలిపి కడుపులోని నులిపురుగులకు మందుగా ఇచ్చేవారు. వినడానికే ఒళ్ళు జలదరిస్తుంది. సంస్కృతంలో దీనికి ఆత్మగుప్త, కపికచ్ఛువు అని పేర్లు. ఆయుర్వేదంలో దీని గింజలను బలానికీ, వాతరోగాలకూ వాడే సంప్రదాయం చాలా పాతది.

ఇంత దురదను బయట కాపలా పెట్టుకున్న ఆ తీగ గింజలో దాచుకున్నది ఒక అమైనో ఆమ్లపు ఉత్పన్నం. మన దేహంలోని మాంసకృత్తులను నిర్మించే ఇరవై అమైనో ఆమ్లాలలో టైరోసిన్ ఒకటి. దాని వలయానికి ఒక ఆక్సిజన్, హైడ్రోజన్ల జంట అదనంగా తగిలితే ఏర్పడేదే డోపా. గింజ బరువులో నూటికి నాలుగైదు వంతుల దాకా డోపా ఉండవచ్చు. కీటకాలకు ఇది రుచించదు. మొక్కకు దానివల్ల కలిగే ప్రయోజనం బహుశా అదే.

డోపాను మొదట ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసినవాడు కాసిమిర్ ఫంక్, 1911లో. విటమిను అనే మాటను లోకానికిచ్చినవాడు కూడా ఆయనే. 1913లో స్విట్జర్లాండులోని బాసెల్‌లో రోష్ సంస్థ శాస్త్రజ్ఞుడు మార్కస్ గుగెన్‌హైమ్ దానిని యూరప్ బాకలా చిక్కుడు నుండి వేరుచేశాడు. కుందేళ్ళకు ఇచ్చి చూస్తే విశేషమేమీ కనబడలేదు. తానే రెండున్నర గ్రాములు మింగి చూసి, వాంతులతో బాధపడ్డాడు. ఆ వాంతి కూడా ఒక ఔషధగుణానికి సూచనే అని ఆనాడు ఎవరికీ తోచలేదు. డోపా చాలాకాలం అల్మరాలో ఉండిపోయింది.

ఇక్కడ మన కథ మద్రాసుకు వస్తుంది. 1882లో బళ్ళారి నుండి విడివడి ఏర్పడిన అనంతపురం జిల్లా అప్పుడు మద్రాసు రాజధానిలో భాగం. మద్రాసు విశ్వవిద్యాలయపు జీవరసాయన ప్రయోగశాలలో పనిచేసిన ఎం. దామోదరన్, ఆర్. రామస్వామి అనే ఇద్దరు 1937లో బ్రిటన్‌లో వెలువడే బయోకెమికల్ జర్నల్‌లో ఒక వ్యాసం ప్రచురించారు. దూలగొండి గింజల నుండి డోపాను, అందునా ఎల్ రూపాన్ని, శుద్ధంగా వేరుచేసిన వృత్తాంతం అది. మన పల్లెల పొదలలో దొరికే గింజకూ, ఇరవయ్యవ శతాబ్దపు ఒక గొప్ప ఔషధానికీ ఉన్న సంబంధం ఆ నాలుగు పుటలలో నమోదైంది. అయితే ఆ ఔషధం ఏ రోగానికి పనికివస్తుందో అప్పటికి భూమండలంమీద ఎవరికీ తెలియదు. దామోదరన్, రామస్వామి పేర్లు నేను వైద్యవిద్యార్థిగా ఉన్నప్పుడు ఒక్కసారైనా వినలేదు. పాఠ్యపుస్తకంలో బాసెల్ ఉంది, మద్రాసు లేదు. ఈ వ్యాసం వ్రాయడానికి అది కూడా ఒక కారణం.

తాళం దొరికిన తరువాత తలుపు దొరకడానికి ఇరవయ్యేళ్ళు పట్టింది. చిత్రమేమిటంటే ఆ తలుపు చూపినదీ మన దేశపు మొక్కే. సర్పగంధ వేరు రక్తపుపోటును తగ్గిస్తుందని బొంబాయి వైద్యుడు రుస్తుం జల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో వ్రాయడంతో లోకం దృష్టి దానిమీద పడింది. 1952లో సీబా సంస్థవారు ఆ వేరు నుండి రిసర్పిన్‌ను వేరుచేశారు. రిసర్పిన్ ఎక్కువకాలం వాడిన కొందరు రోగులు మందకొడిగా మారి, పార్కిన్సన్ రోగుల వలె బిగుసుకుపోయేవారు. స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ 1957లో కుందేళ్ళకు రిసర్పిన్ ఇచ్చాడు. అవి చెవులు వాల్చి కదలకుండా పడిపోయాయి. వాటికి డోపా సూది ఇవ్వగా కొద్ది నిమిషాలలో లేచి తిరగసాగాయి. ఒక భారతీయ మొక్కలోని పదార్థం కట్టివేసిన జంతువును మరొక భారతీయ మొక్కలో ఉండే పదార్థం విడిపించింది. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది.

డోపా మెదడులో డోపమైన్‌గా మారుతుంది. కదలికలను నడిపే రాయబారి ఆ డోపమైనే. 1960లో వియన్నాలో ఎరింగర్, హార్నికీవిచ్ మరణించిన పార్కిన్సన్ రోగుల మెదళ్ళను పరీక్షించి, కదలికలను శాసించే కేంద్రాలలో డోపమైన్ బాగా తగ్గిపోయినదని చూపారు. డోపమైన్‌నే నేరుగా ఇవ్వవచ్చు గదా అని పాఠకులు అడగవచ్చు. రక్తానికీ మెదడుకూ మధ్యనున్న అడ్డుగోడను డోపమైన్ దాటలేదు. డోపా అమైనో ఆమ్లం కనుక, తోటి అమైనో ఆమ్లాలు వెళ్ళే ద్వారం గుండానే లోపలికి వెళ్ళగలదు. 1961లో బిర్క్‌మాయర్, హార్నికీవిచ్ రోగుల నరంలోకి ఎల్-డోపా ఎక్కించారు. మంచం దిగలేనివారు కొంతసేపు నడిచారు. ఆ ప్రభావం కొద్ది గంటలు మాత్రమే నిలిచేది.

దానిని నిత్యం వాడదగిన చికిత్సగా మలచినవాడు అమెరికాలోని బ్రూక్‌హేవెన్‌లో పనిచేసిన జార్జ్ కొట్జియాస్. 1967లో పదహారుమంది రోగులకు చిన్న మోతాదుతో మొదలుపెట్టి క్రమంగా రోజుకు అనేక గ్రాముల దాకా పెంచి ఇచ్చాడు. సగంమందిలో గొప్ప మార్పు వచ్చింది. కొందరిలో తెల్ల రక్తకణాలు ప్రమాదకరంగా తగ్గాయి. ఆయన వాడినది డి, ఎల్ రూపాలు సమంగా కలిసిన కృత్రిమ డోపా.

ఈ డి, ఎల్ అంటే ఏమిటో కొంచెం ఆగి చెప్పాలి. మన రెండు చేతులకూ అవే ఐదు వేళ్ళు, అదే అరచేయి. అయినా ఎడమచేతి తొడుగు కుడిచేతికి పట్టదు. అమైనో ఆమ్లాలూ అంతే. ఒకే అణువుకు అద్దంలో ప్రతిబింబం వంటి రెండు రూపాలు ఉంటాయి. జీవదేహం తన మాంసకృత్తులలో ఎల్ రూపాన్నే వాడుకుంటుంది. రసాయనికుడు గాజుకుప్పెలో సాధారణ పద్ధతిలో అమైనో ఆమ్లాన్ని తయారుచేస్తే రెండు రూపాలూ సగం సగం పుడతాయి. డోపా విషయంలో మందుగా పనిచేసేది ఎల్ సగం. డి సగం రోగికి భారం. 1969లో కొట్జియాస్ శుద్ధమైన ఎల్-డోపాతో మళ్ళీ ప్రయోగించాడు. సగం మోతాదుకే అదే ఫలితం వచ్చింది. రక్తకణాలకు ఆ హాని కనబడలేదు.

అంటే ఇక కావలసింది టన్నులకొద్దీ ఎల్-డోపా. గింజల నుండి తీస్తే అంత గిరాకీకి చాలదు. రసాయన పద్ధతిలో చేస్తే సగం వ్యర్థం. దీనికి మొదటి ఘనమైన పరిష్కారం మోన్‌శాంటో సంస్థలో విలియం నోల్స్ కనుగొన్నాడు. వెనిలా పరిమళానికి మూలమైన వానిలిన్‌తో మొదలుపెట్టి, రోడియం లోహపు ఉత్ప్రేరకంతో హైడ్రోజన్‌ను ఒకే వైపు నుండి చేర్చే ప్రక్రియ ఆయనది. 1970వ దశకంలో ఆ ఎల్-డోపా అంగడికి వచ్చింది. 2001లో నోల్స్‌కు నోబెల్ బహుమతి లభించింది. గొప్ప పని, సందేహం లేదు. అయినా రోడియం బంగారంకంటే అరుదైన లోహం. ప్రక్రియలో మెట్లు చాలా ఉన్నాయి.

దాదాపు అదే కాలంలో జపాన్‌లో మరొక దారి తెరుచుకుంటున్నది. అక్కడ అమైనో ఆమ్లాలను సూక్ష్మజీవుల చేత చేయించే సంప్రదాయం అప్పటికే ఉంది. 1908లో ఇకెడా కికునే సముద్రపు నాచు చారులోని రుచికి గ్లూటమిక్ ఆమ్లం కారణమని కనుగొన్నాడు. దాని ఉప్పును అమ్మడానికి పుట్టినదే అజినొమొటో సంస్థ. మన పట్టణాలలో సాయంకాలం నూడుల్స్ బండివాడు చిటికెడు చల్లే తెల్లని పలుకులకు ఆ సంస్థ పేరే స్థిరపడిపోయింది. 1950వ దశకంలో క్యోవా హక్కో సంస్థకు చెందిన కినొషిత బృందం గ్లూటమిక్ ఆమ్లాన్ని బయటికి విడిచే ఒక బాక్టీరియాను మట్టినుండి పట్టుకుంది. అటుపిమ్మట అమైనో ఆమ్లాల పరిశ్రమ క్రమంగా బాక్టీరియాల చేతికి వెళ్ళింది.

క్యోటో విశ్వవిద్యాలయంలో హిదెయకి యమదా, హిదెహికొ కుమగయ్ పరిశోధించిన ఎంజైము పేరు టైరోసిన్ ఫినాల్ లయేజ్. ఇది కొన్ని బాక్టీరియాలలో ఉంటుంది. దాని స్వాభావికమైన పని టైరోసిన్‌ను విరగ్గొట్టడం: ఒక్కొక్క టైరోసిన్ అణువునుండి ఫినాల్, పైరూవిక్ ఆమ్లం, అమోనియా వస్తాయి. బాక్టీరియాకు అది తిండి సంపాదన. ఎంజైము అనేది చర్యను రెండువైపులా నడపగలదు. ఎటు నడుస్తుందో పదార్థాల పాళ్ళనుబట్టి ఉంటుంది. ఫినాల్, పైరూవిక్ ఆమ్లం, అమోనియాలను ఎక్కువ పాళ్ళలో పోస్తే అదే ఎంజైము వాటిని అతికించి టైరోసిన్‌ను ఇస్తుందని వారు చూశారు. అక్కడితో ఆగక, ఫినాల్‌కు బదులు కాటెకాల్‌ను ఇచ్చారు. కాటెకాల్ అంటే ఫినాల్‌కే ఇంకొక ఆక్సిజన్, హైడ్రోజన్ల జంట తగిలిన పదార్థం. ఎంజైము దానిని కూడా అతికించింది. అతికిస్తే వచ్చినది డోపా. అదీ ఎల్ రూపమే. ఎంజైములోని గుంట ఆకారం ఎల్ రూపానికే సరిపోతుంది. రోడియం అవసరం లేదు, సగం పారబోయడం లేదు, మూడు చవక సరుకులతో ఒకే మెట్టులో పని పూర్తి.

కాగితంమీద ఇది సులభంగా కనిపిస్తుంది. కర్మాగారంగా మారడానికి మరో ఇరవయ్యేళ్ళు పట్టింది. అనేక బాక్టీరియాలను పరీక్షించి 1970వ దశకం తొలినాళ్ళలో అజినొమొటో శాస్త్రజ్ఞులు ఎర్వినియా హెర్బికోలా అనే దానిని ఎంచుకున్నారు. మొక్కల ఉపరితలాలమీద సాధారణంగా బతికే జీవి అది. హెర్బికోలా అంటే మొక్కలపై నివసించేది అనే అర్థం. చిక్కులు మాత్రం చాలా ఉన్నాయి. టైరోసిన్ ఎదురుగా ఉంటే తప్ప ఆ బాక్టీరియా ఈ ఎంజైమును చేయదు. కాని టైరోసిన్ మిగిలిపోతే డోపాను శుద్ధిచేయడం కష్టం. కాటెకాల్ ఎక్కువైతే ఎంజైమే చెడిపోతుంది. కనుక దానిని కొద్దికొద్దిగా, నిరంతరం వదలాలి. ఇంత జాగ్రత్తలో ఒక వరం కూడా ఉంది. ఎల్-డోపా నీటిలో పెద్దగా కరగదు. తయారైనకొద్దీ తెల్లని స్ఫటికాలై తొట్టి అడుగుకు దిగిపోతుంది. ఫలితం ఎప్పటికప్పుడు పక్కకు తొలగడంవల్ల చర్య ముందుకే నడుస్తుంది. 1990వ దశకం తొలి సంవత్సరాలలో ఈ పద్ధతి వ్యాపారస్థాయిలో మొదలైంది.

ఈ ఎంజైముకు సహాయకంగా విటమిన్ బి6 నుండి వచ్చే పదార్థం కావాలి. మన దేహంలో డోపాను డోపమైన్‌గా మార్చే ఎంజైముకూ అదే సహాయకం కావాలి. దాని పర్యవసానం రోగుల అనుభవంలోకి వచ్చింది. ఎల్-డోపాను ఒంటరిగా వాడిన తొలి సంవత్సరాలలో బి6 మాత్రలు కూడా మింగినవారికి మందు పనిచేయకుండా పోయేది. మెదడు చేరకముందే పేగులోనూ రక్తంలోనూ డోపా డోపమైన్‌గా మారిపోవడమే కారణం. గుగెన్‌హైమ్ వాంతులకు మూలమూ అదే డోపమైన్. 1970వ దశకంలో కార్బిడోపా, బెన్సెరజైడ్ వచ్చి ఆ దారి మార్పును మెదడు వెలుపల అడ్డుకున్నాయి. ఎల్-డోపా మోతాదు సుమారు నాలుగింట మూడువంతులు తగ్గింది. నేడు మనం వాడే మాత్రలో రెండు పేర్లు ఉండటానికి హేతువు ఇది. కేంద్ర ప్రభుత్వపు అత్యవసర ఔషధాల జాబితాలో ఈ జంట ఉన్నది.

ఇప్పుడు బల్లమీది సీసా దగ్గరకు వద్దాం. దూలగొండి పొడి పనిచేయదని నేను అనను. 1978లోనే బొంబాయి వైద్యులు వైద్య తదితరులు న్యూరాలజీ ఇండియా పత్రికలో దానితో చేసిన చికిత్స ఫలితాలు ప్రచురించారు. 2004లో లండన్‌లో ఎనిమిదిమంది రోగులపై జరిగిన పరీక్షలో 30 గ్రాముల పొడి మాత్రకంటే త్వరగా ప్రభావం చూపింది, ఎక్కువసేపు నిలిచింది. ఆ పరీక్ష ఒక్కొక్క మోతాదును పోల్చినది మాత్రమే. బొలీవియాలో, మాత్రలు కొనలేని పేద రోగులకు ఈ గింజ ఆసరా అవుతుందేమోనని, పద్నాలుగుమందిపై పదహారు వారాలు సాగించిన అధ్యయనం 2018లో వెలువడింది. వారిలో సగంమంది పొడిని మధ్యలోనే విడిచిపెట్టవలసి వచ్చింది. కొందరికి కడుపులో బాధ, కొందరికి కదలికలే దిగజారడం. మాత్రను మధ్యలో విడిచినవారు ఎవరూ లేరు.

కారణాలు ఊహించడం కష్టం కాదు. పొడిలో కార్బిడోపా లేదు. గింజలో డోపా పాళ్ళు రకాన్నిబట్టి, నేలనుబట్టి, వేయించడం ఉడకబెట్టడం వంటి వాటినిబట్టి మారుతాయి. వాన పడిన ఏడాది గింజా, పడని ఏడాది గింజా ఒకటి కావు. అనంతపురంవారికి ఈ సంగతి వేరుసెనగ చేలే నేర్పాయి. పార్కిన్సన్ రోగికి చెంచాడు ఎక్కువైతే చేతులు కాళ్ళు మెలికలు తిరుగుతాయి, తక్కువైతే బిగుసుకుపోతాయి. మా పెద్దాయనకు జరిగినదీ అదే: పొడి మారిన ప్రతిసారీ మోతాదు మారింది. మాత్రను ఒక్కసారిగా ఆపివేయడం ఇంకొక ప్రమాదం. ఒళ్ళు కొయ్యబారి, తీవ్రమైన జ్వరం వచ్చి ప్రాణాపాయం కలిగిన సందర్భాలు వైద్య గ్రంథాలలో ఉన్నాయి. ఈ మాత్ర వాడుతున్నవారు వైద్యునికి చెప్పకుండా దానిని ఆపవద్దనీ, పొడిని దానితో కలపవద్దనీ పాఠకులను కోరుతున్నాను. "సహజం", "కృత్రిమం" అనే మాటలతో ఈ నిర్ణయం చేయడం నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. తీగ చేసిన ఎల్-డోపానూ బాక్టీరియా చేసిన ఎల్-డోపానూ పక్కపక్కన పెడితే ఏ మెదడూ వాటిని వేరుగా గుర్తించలేదు.

ఈ చరిత్రకు ఇటీవలి మలుపు ఒకటి ఉంది. మందును తయారుచేసే బాక్టీరియాలు ఉన్నట్టే, మందును తినివేసే బాక్టీరియాలూ ఉన్నాయి. 2019లో హార్వర్డ్ శాస్త్రజ్ఞులు సైన్స్ పత్రికలోనూ, అదే ఏడు నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ శాస్త్రజ్ఞులు మరొక పత్రికలోనూ ఈ విషయం చూపారు. మన పేగులలో ఉండే ఎంటెరోకాకస్ ఫీకాలిస్ వంటి బాక్టీరియాలు తమ టైరోసిన్ డీకార్బాక్సిలేజ్ ఎంజైముతో ఎల్-డోపాను పేగులోనే డోపమైన్‌గా మార్చివేయగలవు. మన ఎంజైమును ఆపే కార్బిడోపా వాటి ఎంజైమును అంతగా ఆపలేదు. ఒకే మోతాదు ఒకరికి చాలడం, మరొకరికి చాలకపోవడం వెనుక ఇదీ ఒక కారణం కావచ్చు. దీనికి విరుగుడు మందు ఇంకా ప్రయోగశాలలోనే ఉంది.

ప్రయోగశాలతో పనిలేని విషయం మరొకటి. ఎల్-డోపా అమైనో ఆమ్లం గనుక, భోజనంలోని మాంసకృత్తుల నుండి వచ్చే అమైనో ఆమ్లాలతో పేగు వద్దా, మెదడు ద్వారం వద్దా పోటీపడుతుంది. సంగటిలోకి పప్పు, బుడ్డల ఊరిబిండి దండిగా వేసుకుని వెంటనే మాత్ర మింగితే ఆ పూట అది సరిగా పనిచేయకపోవచ్చు. కనుక భోజనానికి కనీసం అరగంట ముందే వేసుకోవడం మేలు.

పెద్దాయనకు మాత్రను తక్కువ మోతాదుతో మళ్ళీ మొదలుపెట్టి మెల్లగా పెంచాము. రెండు నెలల తరువాత చేతికర్రతో తామే నడిచివచ్చారు. వేళ తప్పకుండా ఎట్లా ఇస్తున్నారని భార్యను అడిగాను. ఇంట్లో గడియారం ఆగిపోయి చాలాకాలమైందట. ఊరికి రోజుకు మూడుసార్లు బస్సు వస్తుంది; హారను వినగానే మాత్ర ఇచ్చి, ఆ తరువాతనే పొయ్యిమీద ఎసరు పెడుతుందట.